బాంబ్‌షెల్ నేర్పిన సారు

టీవీ పెడితే చాలు, ఎవరో ఒకరు బాంబు పేలుస్తూనే ఉంటారు. పార్టీ మారతానన్నవాడూ బాంబు పేల్చినట్టే, ఇక సినిమాలు చెయ్యనన్న హీరోయినూ బాంబు పేల్చినట్టే. నాకు ఆ మాట వినబడితే ఒళ్లు మండుతుంది. ఇంట్లో ఎవరైనా సరదాకి అన్నా ఊరుకోను. మావాళ్లు దాన్ని నా చాదస్తం కింద జమకట్టేసి నవ్వుకుంటారు. చాదస్తం కాదు. ఆ మాటని నాకు ఒక పెద్దమనిషి కూర్చోబెట్టి, అర్థం చెప్పి, వాక్యంలో ఎలా వాడాలో చూపించి మరీ నేర్పారు. నేర్పిన మూడు నెలలకి దాన్ని నా నెత్తిన వేశారు. ఇంత కోపంలోనూ ‘నేర్పాడు’ అని రాయలేకపోతున్నాను, ‘నేర్పారు’ అనే వస్తోంది. ఆయన మీద అప్పట్లో నాకున్న గౌరవం ఇంకా చేతిని వదల్లేదు.

అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల భవనం లేచిన కొత్త. మా కంపెనీ అందులో లేదు. దానికి కిలోమీటరు దూరంలో, గోడలకి ఇంకా రంగు వాసన పోని మూడంతస్తుల బిల్డింగులో రెండో అంతస్తు మాది. అయినా చుట్టాలు అడిగితే మా అమ్మ ‘హైటెక్ సిటీలో చేస్తోందండి’ అనే చెప్పేది. నేనూ దిద్దలేదు. కిటికీలోంచి ఆ భవనం కనబడుతుంది కాబట్టి అది పెద్ద అబద్ధమేమీ కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా పని ఏమిటంటే, అమెరికాలో డాక్టర్లు రోగుల్ని చూశాక ఆ వివరాలన్నీ టేపులోకి చెబుతారు. ఆ మాటలు రాత్రికి రాత్రి మా కంప్యూటర్లలోకి వచ్చి కూర్చుంటాయి. పొద్దున మేం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ నొక్కుతూ ఆపుతూ వాటిని టైపు చెయ్యాలి. ముప్పై మందిమి ఉండేవాళ్లం, అందరం డిగ్రీ పూర్తిచేసి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లం. సాయంత్రానికి కాలి బొటనవేలు తిమ్మిరెక్కిపోయేది. ఇంట్లో అన్నం తింటూ కూడా బల్లకింద కాలు ఆడిస్తున్నానని మా నాన్న విసుక్కునేవారు.

మా నాన్న ప్రభుత్వాఫీసులో టైపిస్టు. పశ్చిమగోదావరి నుంచి నా చిన్నప్పుడే బదిలీ మీద వచ్చి, మియాపూర్‌లో అద్దె ఇంట్లో స్థిరపడ్డారు. నేనూ టైపే కొడుతున్నానంటే ఆయనకి మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. గవర్నమెంటు ముద్ర లేని ఉద్యోగం ఆయన లెక్కలో ఉద్యోగమే కాదు. అందుకే నాచేత సర్వీసు కమిషన్ పరీక్ష కూడా రాయించారు. రాసి, ఆ సంగతి నేను మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

కంపెనీ వ్యాను బాలానగర్‌లో బయల్దేరి, కూకట్‌పల్లి మీదుగా మియాపూర్ చౌరస్తాకి వచ్చేది. బాలానగర్‌లో మొదట ఎక్కేది నా స్నేహితురాలు. వాళ్ల నాన్న అక్కడే ఒక వర్క్‌షాపులో లేతు మెషిను మీద పనిచేసేవాడు. ఈ పిల్ల ఎక్కగానే పక్కసీటులో టిఫిన్ బ్యాగు పెట్టేసి, మియాపూర్ వచ్చేదాకా ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. అది నా సీటు. ఎవరైనా అడిగితే ‘మా అక్క వస్తది’ అనేది. నాకంటే తనే రెండు నెలలు పెద్ద.

ఆ రోజుల్లో కొండాపూర్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా బండలే. బిల్డింగుల కోసం వాటిని రోజూ పేల్చేవాళ్లు. పేల్చే ముందు ఒకడు ఎర్రజెండా పట్టుకుని, ఈల వేస్తూ రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడతాడు. వ్యాను ఆగుతుంది, వెనకాల స్కూటర్లు, లారీలు ఆగుతాయి. అందరం చెవులు మూసుకుని ఎదురుచూస్తాం. ఢామ్మని పేలాక, దుమ్ము కాస్త అణిగాక, అతను జెండా పక్కకి తీసి మమ్మల్ని పొమ్మంటాడు. వారానికి రెండుసార్లయినా ఆలస్యం అయ్యేవాళ్లం. అటెండెన్స్ రిజిస్టరు దగ్గర కూర్చునే మనిషికి ‘బండ’ అంటే చాలు, ఇంకేం అడిగేది కాదు.

మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు మాకు ఇంగ్లిషు క్లాసు. చెప్పేవారు అనంతపురం వైపు జూనియర్ కాలేజీలో ఇంగ్లిషు లెక్చరరుగా చేసి రిటైరైనవారు. అందరికీ ఆయన సారే. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. టీలో చక్కెర వేసుకునేవారు కాదు. ఎవరు తప్పు మాట్లాడినా నవ్వేవారు కాదు, ఎవర్నీ నవ్వనిచ్చేవారూ కాదు. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిషులో నోరు తెరవడానికి చచ్చేంత సిగ్గుపడే మా ముప్పై మందికి అది ఎంత పెద్ద సంగతో ఇప్పటివాళ్లకి చెప్పినా తెలీదు.

ఒక మంగళవారం నా స్నేహితురాలు క్లాసులో లేచి ఒక సందేహం అడిగింది. ఆమె టైపు చేసిన ఫైల్లో డాక్టరు ఏం చెప్పాడంటే, ఈ రోగికి ఛాతీనొప్పి మొదలైంది భార్య బాంబ్‌షెల్ వేసిన రోజున అని. ఆ మాట మేం ఎవరం అదివరకు వినలేదు. అది నిజం బాంబు కాదని తెలుస్తూనే ఉంది, కానీ ఆవిడ వేసింది ఏమిటి అని క్లాసంతా గుసగుసలు. సారు బోర్డు మీద ఆ మాట రాసి, కింద గీత గీసి, మమ్మల్ని కిటికీలోంచి బయటికి చూడమన్నారు.

“అక్కడ బండలు పేలుస్తారు కదా, ముందు ఏం చేస్తారు?” అని అడిగారు.

ఈల వేస్తారన్నాం.

“ఆ ఈల లేకుండా పేలే వార్త, అదీ బాంబ్‌షెల్. ఎవ్వరూ ఊహించి ఉండరు. ఎవ్వరికీ తెలిసి ఉండదు.”

అంత చక్కగా నాకు ఏ మాటా ఎవరూ చెప్పలేదు. తెలుగులో మనం బాంబు పేలుస్తాం, ఇంగ్లిషువాళ్లు దాన్ని పైనుంచి వేస్తారు, అంతే తేడా అన్నారు. చావు కబురుకి ఈ మాట వాడకూడదన్నారు, ఆ ఇంటివాళ్ల ముందు అది మర్యాద కాదట. కానీ ఒక మనిషి నోరు విప్పి చెప్పడం వల్ల మిగతావాళ్ల బతుకు తారుమారైతే అక్కడ సరిగ్గా సరిపోతుందన్నారు. నేను నోటు పుస్తకంలో ఇదంతా అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను.

ఇక చూడాలి మా ఆఫీసు. వారం తిరిగేసరికి ఆ మాటని అరగదీసేశారు. క్యాంటీన్‌లో ఇడ్లీ అయిపోతే బాంబ్‌షెల్. కంప్యూటరు ఆగిపోతే బాంబ్‌షెల్. ఒకమ్మాయికి పెళ్లి కుదిరి స్వీట్లు పంచితే, ‘ఇగ ఈమె కూడా వేసింది’ అన్నారు. నా స్నేహితురాలు పొద్దున్నే వ్యాన్‌లో నేను ఎక్కగానే మొహం దిగాలుగా పెట్టి, “అక్కా, జర గుండె గట్టిగ పట్టుకో, బాంబ్‌షెల్ ఉంది” అనేది. తీరా చూస్తే వాళ్లమ్మ ఆ రోజు టమాట పచ్చడి పెట్టలేదని. నేనూ తక్కువ తినలేదు, ఇంటికి తీసుకొచ్చి మా నాన్న మీద కూడా వాడాను. ఆయన ఒకటికి రెండుసార్లు పలికి చూసుకుని, పేపర్లో హెడ్డింగుకి బాగుంటుందన్నారు.

తర్వాత కొన్ని వారాలకి సారు ఒక కొత్త అభ్యాసం ఇచ్చారు. ఒక కంపెనీ ఉందనుకోండి, పని మొత్తం వేరే ఊరికి తరలిపోతోందనుకోండి, ఇక్కడివాళ్ల ఉద్యోగాలు ఉండవు. ఆ సంగతి ఉద్యోగులకి తెలియజేస్తూ ఉత్తరం రాయాలి. షరతు ఒక్కటే, అది చదివినవాళ్లకి బాంబ్‌షెల్ కాకూడదు. ఇది మేనేజర్ గారు ఇచ్చిన అంశం అని కూడా చెప్పారు. మాకు ఏ అనుమానమూ రాలేదు. అదివరకు విమానం ఆలస్యమైతే క్షమాపణ ఉత్తరం రాయించారు, హోటల్లో సూపు బాలేదని ఫిర్యాదు రాయించారు. మేం విమానమూ ఎక్కలేదు, ఆ సూపూ తాగలేదు. ఇదీ అలాంటిదే అనుకున్నాం.

నేను రెండు రోజులు కూర్చుని రాశాను. ఊరికే రాయలేదు, ఆ ఉత్తరం మా నాన్నకి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ రాశాను. ముందు వాళ్లు చేసిన పనిని మెచ్చుకున్నాను. తర్వాత జరిగింది వాళ్ల తప్పువల్ల కాదని చెప్పాను. తర్వాత అసలు సంగతి, ఒక్క వాక్యంలో, దాపరికం లేకుండా. అన్నిటికంటే నాకు నచ్చి రాసుకున్నది చివరి వాక్యం. దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ‘మీ చేతిలో మరో అవకాశం ఏదైనా ఉంటే దాన్ని వదులుకోకుండా ఉండాలని, ఈ సంగతి నెల రోజుల ముందే మీకు చెబుతున్నాం.’

మంగళవారం సారు నా కాగితం పట్టుకుని క్లాసుకి వచ్చారు. ముప్పై మందిలోకీ ఇదే బాగుందని చెప్పి, నిలబడి మొత్తం చదివి వినిపించారు. ఆయన గొంతులో నా వాక్యాలు వింటుంటే నాకు తల ఎత్తడానికి సిగ్గేసింది, దించుకోడానికి మనసొప్పలేదు. నా స్నేహితురాలు బల్లకింద నా చెయ్యి గిల్లింది. ఒక్కటే వెలితి, నా చివరి వాక్యం ఆయన చదవలేదు. క్లాసయ్యాక కాగితం చేతికిచ్చినప్పుడు చూశాను. ఆ వాక్యాన్ని ఎర్రపెన్నుతో, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కొట్టేసి, పక్కన ‘అనవసరం’ అని ఇంగ్లిషులో రాశారు.

“సార్, ఈల అదే కదండీ?” అన్నాను.

“ఉత్తరం పొడుగైపోతుందమ్మా” అన్నారు.

అంత పెద్దాయన చెబితే నిజమే అయ్యుంటుందనుకున్నాను. తర్వాత వచ్చే బ్యాచ్‌లకి చూపిస్తానని కిందకి వెళ్లి జిరాక్స్ తీయించుకుని, నా కాగితం నాకు ఇచ్చేశారు. నేను దాన్ని నోటు పుస్తకంలో భద్రంగా పెట్టుకున్నాను.

ఆ మరుసటి వారమే మా ఇంటికి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. నేను మర్చిపోయిన పరీక్ష నన్ను మర్చిపోలేదు. వికారాబాద్ అవతల ఒక మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం, ముప్పై రోజుల్లో చేరాలి, చేరకపోతే పోస్టు వేరేవాళ్లకి పోతుంది. మా నాన్న ఆ ఆర్డరుని దేవుడి పటం దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. నాకు మాత్రం వెళ్లాలని లేదు. ఉన్నమాట చెప్పాలంటే, అద్దాల భవనం కనబడే కిటికీ వదిలి దుమ్ము పట్టిన పహాణీల, భూమి లెక్కల పుస్తకాల మధ్యకి వెళ్లాలంటే ఏడుపొచ్చింది. ఇంట్లో నాలుగు రోజులు వాదన నడిచింది. చివరికి మా నాన్నే అన్నారు, “మీ సారు అంత తెలిసినాయన కదా, ఆయన్నడుగు. ఆయన ఏమంటే అది చెయ్యి. నేనింకేం మాట్లాడను.”

శుక్రవారం క్లాసయ్యాక, ఆఫీసు ఎదురుగా బండల పక్కనున్న టీ కొట్టు దగ్గర సారుని పట్టుకున్నాను. ఆర్డరు చేతికిచ్చాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, దాన్ని రెండుసార్లు చదివారు. చేరడానికి ఇంకా ఎన్ని రోజులుందని అడిగారు. ఇరవై రెండు రోజులని చెప్పాను. కాగితాన్ని ఉన్న మడతల మీదే జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టారు.

“ఆఫీసులో కూర్చొని నకళ్లు రాసుకునే చెయ్యి కాదమ్మా నీది” అన్నారు. “ఇక్కడే ఉండు. పైకొస్తావు.”

ఇంటికి ఎగురుకుంటూ వెళ్లాను. మా నాన్న మాట తప్పలేదు, ఇంకేమీ అనలేదు. ఆర్డరు మాత్రం బీరువాలో పెట్టుకున్నారు. గడువు చివరి రోజున పొద్దున్నే లేచి తయారై, ఆర్డరు అడుగుతానేమోనని నావైపు చూశారు. నేను టిఫిన్ డబ్బా సర్దుకుని వ్యాను ఎక్కేశాను. నా స్నేహితురాలికి వ్యాన్‌లో చెప్పాను, ఈ రోజుతో గవర్నమెంటు ఉద్యోగం పోయిందని. సారు మాట మీద ఉన్నవంటే ఏం ఫికర్ లేదు అంది. ఇద్దరం కలిసే పైకొస్తామని నవ్వుకున్నాం.

సరిగ్గా ఆరు రోజులయ్యాక, మధ్యాహ్నం భోజనాలవగానే అందర్నీ ట్రైనింగ్ హాల్లోకి రమ్మన్నారు. మేనేజర్ గారు, ఆయన పక్కన మేం ఎప్పుడూ చూడని ఇద్దరు మనుషులు. సారు రాలేదు. తన క్లాసుండే శుక్రవారమైనా రాలేదు. మా పేర్లు రాసిన కవర్లు ఒక్కొక్కటే ఇచ్చారు. అందులో ఒక ఉత్తరం. మొదటి వాక్యం చదవగానే ఎక్కడో విన్నట్టనిపించింది. రెండో వాక్యానికి ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. మూడోది చదవక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. మా పనిని మెచ్చుకున్నారు. ఇది మా తప్పువల్ల కాదన్నారు. పని వేరే ఊరికి తరలిపోతోందని, ఆ సాయంత్రంతో మా ఉద్యోగాలు ముగుస్తాయని ఒక్క వాక్యంలో, దాపరికం లేకుండా చెప్పారు. కామాలు కూడా నేను పెట్టిన చోటే ఉన్నాయి. చివరి వాక్యం లేదు.

హాల్లో ఒక్కొక్కరే కాగితం మీంచి తలెత్తి నావైపు చూడటం మొదలుపెట్టారు. అందరూ విన్న ఉత్తరమే కదా, సారు నిలబడి చదివి, నేను రాశానని చెప్పి, నాకు చప్పట్లు కొట్టించిన ఉత్తరం. నాకు ఉద్యోగం పోయిందన్న సంగతి ఇంకా బుర్రకెక్కలేదు. వీళ్లందరికీ ఇది నేనే చేశానన్న సిగ్గు మాత్రం ఒళ్లంతా పాకింది. నేను చెయ్యలేదని అరిచి చెప్పాలనిపించింది. కానీ రాసింది నేనే.

నా స్నేహితురాలు నా పక్కనే కూర్చుంది. కాగితం నా ముందు పెట్టింది.

“గిది నువ్వు రాసిందే గద” అంది.

అవునన్నాను. కానీ నాకు తెలీదని, ఒట్టేసి తెలీదని చెప్పాను.

“నీకు ఎరికే లేకపోతే గింత మంచిగ ఎట్ల రాస్తవు? నాకొక్క మాట చెప్తే ఏమైతుండె?”

ఆ సాయంత్రం వ్యానులో పక్కసీటు మీద టిఫిన్ బ్యాగు పెట్టుకుని కూర్చుంది. నేను ఎక్కినా తియ్యలేదు. వెనక సీట్లో కూర్చుని మియాపూర్ దాకా ఆమె జడ చూస్తూ వచ్చాను. మర్నాడు ఎర్రగీత ఉన్న నా కాగితం పట్టుకుని బాలానగర్‌లో వాళ్లింటికి వెళ్లాను, నేను రాసిందేమిటో, వాళ్లు వాడిందేమిటో చూపిద్దామని. వాళ్లమ్మ తలుపు సగం తీసి, బిడ్డ ఇంట్లో లేదంది. గుమ్మం దగ్గర తన చెప్పులున్నాయి. అమీర్‌పేటలో ఇద్దరం ఒకేసారి కొనుక్కున్నవి, నా కాళ్లకీ అవే ఉన్నాయి.

మా నాన్న నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బీరువాలోంచి ఆర్డరు తీసి, తేదీ చూసి, వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుని మళ్లీ లోపల పెట్టేశారు. “ఆరు రోజులమ్మా” అన్నారు. అంతే. ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో ఎవరు ఆరు అన్నా నాకు గుండెలో కలుక్కుమనేది.

ఆ ఆదివారం పొద్దున కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో సారు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయనకేమీ తెలిసి ఉండదని, మేనేజరే ఆయన దగ్గర్నుంచి జిరాక్స్ లాక్కుని ఉంటాడని దారిపొడుగునా చెప్పుకుంటూ వెళ్లాను. నిజంగా అలాగే నమ్మాలనుకున్నాను. తలుపు తీసి ఉంది. హాలు నిండా అట్టపెట్టెలు, తాళ్లు, పేపర్లలో చుట్టిన గిన్నెలు. సారు పుస్తకాలు పెట్టెలోకి సర్దుతున్నారు. నన్ను చూసి కుర్చీ చూపించారు. వాళ్లావిడ, పాపం, ఏమీ తెలియనావిడ, కొత్త ఊళ్లో నీళ్లు ఎలా ఉంటాయో ఏమోనని చెబుతూ కాఫీ తెచ్చిపెట్టి లోపలికి వెళ్లింది. ఆ ఊరు మా పని తరలిపోయిన ఊరే. సారుకి అక్కడ పూర్తి ఉద్యోగం ఇచ్చారు.

నేను కాగితం తీసి ఆయన ముందు పెట్టాను.

“ఈ వాక్యం ఎందుకు కొట్టేశారండీ?”

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, తన గీతని తనే చూసుకున్నారు. “అది ఉంటే ఉత్తరం నెల ముందు ఇయ్యల్సి వస్తుందమ్మా. వాళ్లకు ఆ నెల పని కావల్ల. మిగిలిన ఫైళ్లు అయ్యేదాకా ఎవ్వరూ కదలకూడదన్నారు.”

“అంటే మీకు అప్పటికే తెలుసా అండీ?”

“తెలుసు.”

అబద్ధం చెప్పలేదు, అంతవరకు ఒప్పుకుంటాను. చెప్పి ఉంటే నేను నమ్మేసేదాన్ని, నమ్మడానికే వెళ్లాను. “ఆర్డరు చూపించిన రోజు మీరు చెప్పకపోతే చెప్పకపోయారు. ఉండమని ఎందుకు చెప్పారండీ?”

ఆయన పెట్టె అంచు గోకారు. ఒకరు పోతే వెనకాల నలుగురు పోతారని మేనేజరు భయపడ్డాడని, తన వయసులో మళ్లీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎవరున్నారని, ఏవేవో అన్నారు. తర్వాత, “నీ చెయ్యి మంచిదన్న మాట మాత్రం అబద్ధం కాదమ్మా” అన్నారు.

నా ఇరవై రెండు రోజుల గడువు తన చేతిలో పట్టుకుని, లెక్క అడిగి తెలుసుకుని, మడిచి తిరిగిచ్చిన మనిషి అంటున్న మాట అది. నేను పిచ్చిదానిలా ఆయన కాళ్లకి దణ్ణం పెట్టిన రోజులు గుర్తొచ్చి నామీద నాకే అసహ్యమేసింది. కాగితం తీసుకుని లేచాను.

“ఎవ్వరికీ తెలియని వార్తని బాంబ్‌షెల్ అంటారని చెప్పారు కదండీ. మీకు తెలుసు” అన్నాను. “బండలు పేల్చేవాడు కూడా ఈల వేస్తాడు సార్.”

ఆయన పెట్టె వైపు తిరిగి ఒక పుస్తకం తీసుకున్నారు. కాఫీ తాగి పొమ్మని కూడా అనలేదు. మా ఇళ్లలో ఎవరింటి నుంచి బయల్దేరినా ‘వెళ్లొస్తాను’ అంటాం, పడనివాళ్ల గడప దగ్గర కూడా అలవాటుగా అదే వచ్చేస్తుంది. ఆ రోజు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఆయన వైపు తిరిగి “వెళ్తానండి” అన్నాను. పుస్తకం పట్టుకున్న ఆయన చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది. నేను మెట్లు దిగి బస్టాపు వైపు నడిచాను.